రెండుకే ఎత్తాలి

బావ కుడి చెంప గీసేటప్పుడు తుమ్మెద ఊపిరి బిగబట్టాడు. ఆ పక్క చర్మానికి నొప్పి తెలియదు. గాటు పడినా బావ కదలడు, రక్తం కనబడితేనే తెలియాలి. పక్షవాతం వచ్చినప్పటినుంచి ఈ నాలుగు నెలలుగా పొద్దున్నే అక్క ఇంటికొచ్చి, బావకు గడ్డం గీసి, తలకింద దిండు సరిచేసి, కాసేపు కూర్చుని పోవడం అతనికి ఉద్యోగంలో భాగమైపోయింది.

ఉద్యోగమంటే బేస్ గిటారు వాయించడం. ముప్ఫై ఏళ్ళుగా చిన్న హాళ్ళలో, పుట్టినరోజులకీ విందులకీ, వెనక వరుసలో నిలబడి లావుపాటి తీగలు మీటుతూ వచ్చాడు. పాటగాడికి చప్పట్లు, కీబోర్డాయనకి పూలగుత్తి, బేసు వాయించేవాడికి పెట్టె మోస్తూ ఎక్కాల్సిన మెట్లు. అతను వాయిస్తున్నాడని ఎవరూ గమనించరు. ఆపితే మాత్రం పాటలో ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది, ఏం తగ్గిందో చెప్పలేరు. ఆ ఝుంకారం విని అతనికి తుమ్మెద అని పేరు పెట్టింది డ్రమ్ములు వాయించే బావే. అసలు పేరు ఇప్పుడు అక్క కూడా వాడదు.

వరండాలో గుమ్మం పక్కన వాళ్ళ పాత యాంప్ ఉంది. స్పీకరూ, దాన్ని మోగించే యంత్రమూ ఒకే చెక్కపెట్టెలో ఉంటాయి. నలభై కిలోలు. చెరో పక్కా ఒక పిడి. ఇరవై రెండేళ్ళుగా ఎడమ పిడి తుమ్మెదది, కుడి పిడి బావది. చెయ్యి కోసుకుంటోందని బావ తన పిడికి సైకిల్ ట్యూబు చుట్టుకున్నాడు. లోకమంతా ఒకటి, రెండు, మూడు అని బరువెత్తుతుంది. బావ రెండుకే ఎత్తేవాడు. మూడు దాకా ఆగితే భయపడ్డానికి టైము దొరుకుతుందని అతని సిద్ధాంతం.

పోయిన వారం ఒక హాల్లో వాచ్‌మన్ సాయానికొచ్చాడు. తుమ్మెద రెండుకి ఎత్తాడు, వాచ్‌మన్ మూడు కోసం చూస్తున్నాడు. పెట్టె ఒరిగి తుమ్మెద మణికట్టు మెలిపడింది. బృందానికి పెద్ద అయిన కీబోర్డాయన అది చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. డ్రమ్ముల పనిని అప్పటికే కీబోర్డులోని యంత్రానికి అప్పగించాడు. బేసు పని కూడా తన ఎడమ చెయ్యి చేసేయగలదు. పాత మనిషి కదా అని తుమ్మెదని ఇంకా పిలుస్తున్నాడు.

"ఈసారి ఒక్కడివే మోసుకురాగల పెట్టె తెచ్చుకో. లేకపోతే ఇంట్లో ఉండు, ఏమనుకోకు" అన్నాడు.

ఆ ఈసారి ఈ సాయంత్రమే. ఒక ఆఫీసు క్యాంటీన్‌లో పదవీ విరమణ సభ. మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

బావకి మాట పోయింది. ఎడమ చెయ్యి మాత్రం పనిచేస్తుంది. మంచం పట్టె మీద వేలితో ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు.

"చిన్న పెట్టె ఒకటి కొంటాను బావా. నువ్వు లేచేదాకా పనికొస్తుంది. తర్వాత మళ్ళీ పెద్దదే మోద్దాం."

వేలు రెండుసార్లు కొట్టింది.

తుమ్మెద విననట్టే చెవి పక్కన అంటిన నురగ తుడిచాడు. తువ్వాలు ఆరేయడానికి బయటికెళ్ళి, అవసరమైన దానికంటే చాలాసేపు ఆరేశాడు.

దుకాణంలో మూడు పెట్టెలు చూపించారు, ఎనిమిదంగుళాల స్పీకరుది, పదిది, పన్నెండుది. తుమ్మెద ఒక్కోటీ ఎత్తి చూశాడు, ఒక్కోదానికీ గిటారు తగిలించి వాయించాడు. మూడూ బాగానే ఉన్నాయి. వచ్చిన చిక్కే అది. ఒంటరిగా వింటే ఏ బేసయినా బాగానే ఉంటుంది, నలుగురి మధ్య పడితేనే దాని బండారం బయటపడేది. పైగా బావ కాలి కింద మోగే పెద్ద డ్రమ్ము లేకుండా తన బేసుని తాను అంచనా కట్టడం అతనికి అలవాటు లేదు. ఏది కొనాలో తేల్చుకోలేక అడకత్తెరలో పోకచెక్కలా కూర్చున్నాడు.

దుకాణదారు డ్రమ్ముల యంత్రం పెట్టబోతే వద్దన్నాడు. అక్కకి ఫోన్ చేసి, బావ చేతి పక్కన పెట్టమన్నాడు.

"పాత నడకే కొట్టు బావా, నేను అందుకుంటా."

టక్, టక్, టక్ అని మొదలైంది. తుమ్మెద మీటాడు.

"ఫోన్లో బేసు వెళ్ళదండీ. ఆయనకి తీగ గీసుకున్న చప్పుడు తప్ప ఏమీ వినబడదు" అన్నాడు దుకాణదారు, నొప్పించకుండా.

ముప్ఫై ఏళ్ళ వృత్తి, ఆ మాత్రం తెలియదా? తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదు, అంతే. తుమ్మెదకి సిగ్గేసింది. అయినా అవతల వేలు ఆగలేదు. వినబడని పాటకి బావ తాళం వేస్తూనే ఉన్నాడు.

ఆ తాళం కింద ఎనిమిదంగుళాలది పత్తా లేకుండా పోయింది. పదిది చప్పుడు పెంచేకొద్దీ బురద బురదగా మోగింది. పన్నెండుదాని మీద రెండు స్వరాలు మీటేసరికి టక్ మన్న ప్రతి చప్పుడూ దానిమీద కుదురుగా కూర్చుంది. పల్లవి చివర బావ ఎప్పటిలాగే వెంట్రుకవాసి ఆలస్యం చేశాడు. తుమ్మెద వేళ్ళు కూడా ఆగి, కలిసి దిగాయి.

"ఇదేనా బావా?"

తాళం ఆగింది. తర్వాత ఒక్క తట్టు.

పదమూడు కిలోలు. పైన, నడిమధ్యలో ఒకే ఒక్క పిడి.

సాయంత్రం మూడంతస్తులూ ఒక్కడే ఎక్కాడు. పెట్టె బరువు లెక్కలోకి రాలేదు. ఖాళీగా ఉన్న రెండో చేతిని ఏం చెయ్యాలో తెలియక గోడ రాసుకుంటూ నడిచాడు. పాటల్లో యంత్రం తప్పు పట్టడానికి వీల్లేకుండా కొట్టింది. పల్లవి చివర మాత్రం అది ఎవరికోసమూ ఆగదు. తుమ్మెద వేళ్ళు ప్రతిసారీ ఆగాయి, ప్రతిసారీ వెనకబడ్డాయి. వద్దనుకున్నా ఆగాయి. కీబోర్డాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. సభ అయ్యాక పెట్టె బాగుందని మెచ్చుకుని, ఈసారి ఉంటే తనే కబురు చేస్తానన్నాడు. తనే కబురు చేస్తానన్న మనిషి కబురు ఎలా ఉంటుందో తుమ్మెదకి తెలుసు.

పెట్టె బావకి చూపించాలని నేరుగా అక్క ఇంటికి వెళ్ళాడు. దీపాలు వెలిగే వేళ. గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. కొత్త పెట్టెని చెప్పుల పక్కనే దించి లోపలికెళ్ళాడు.

అక్క మంచం పక్కన కింద కూర్చుని ఉంది. అతనికి ఫోన్ చేసిందట, వాయించేటప్పుడు దాన్ని ఆపేసి ఉంచుతాడు కదా.

"నువ్వు పెట్టేశాక కూడా కొడుతూనే ఉన్నాడురా" అంది. "వంటింట్లోంచి వింటూనే ఉన్నా. చప్పుడాగితే, నిద్రపట్టిందనుకున్నా."

పొద్దున గీసిన గడ్డం నున్నగా ఉంది. ఎడమ చూపుడు వేలు పట్టె మీదే ఉంది. తుమ్మెద దాని పక్కన తన వేలు పెట్టి నిలబడ్డాడు.

జనం వస్తారు, వరండాలో పాత పెట్టె అడ్డమని పక్కింటాయన అన్నాడు. ఆయనే కుడి పిడి పట్టుకున్నాడు. తుమ్మెద ఎడమది పట్టుకున్నాడు.

"ఒకటి, రెండు" అన్నాడు తుమ్మెద.

ఎడమ పక్క లేచింది. పక్కింటాయన ఇంకా మూడు కోసం చూస్తున్నాడు. తుమ్మెద తన పక్కని మెల్లగా దించేశాడు. ఆయన చెయ్యి తీసిన చోట, కుడి పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు మీద, ఇరవై రెండేళ్ళుగా పడ్డ నాలుగు వేళ్ళ పల్లాలు అలాగే ఉన్నాయి.