ఇరవై ఎకరాలకు చెంబెడు నీళ్ళు

మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ దాటి పడమటికి అరగంట డ్రైవ్ చేస్తే మా కొండల్ రావు పొలం వస్తుంది. కార్లకు బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు, 1979లో ఇరవై ఎకరాలు కొన్నాడు. ఎకరాలు ఆయనవి, ఎకసెక్కాలు నావి. మొక్కజొన్న పక్కన నాలుగు సాళ్ళు గోంగూర వేసి, ఊళ్ళో తెలుగువాళ్ళందరి నాలుకలనూ కౌలుకు తీసుకున్నాడు.

ఎనభై ఆరుకల్లా చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. మనదీ ప్లాటయితే మన పాట్లెవరికి చెప్పుకోవాలని కొండల్ రావు ఈజ్‌మెంట్‌కు సిద్ధపడ్డాడు. పేరులో ఈజీ ఉంది గానీ పనిలో లేదు. పొలం మనదే, పంట మనదే. ఇళ్ళు కట్టే హక్కొక్కటి పొలాలను కాపాడే ట్రస్టుకు రాసిచ్చేస్తే, రేపు ఎవరు కొన్నా అక్కడ ఇల్లు లేవదు. అయితే భార్య గౌరి సంతకం కూడా కావాలి. గౌరి తల్లి మాట దాటదు. ఆ తల్లి, అన్నపూర్ణమ్మగారు, తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చి ఉన్నారు. అల్లుడు ఆస్తంతా తెల్లవాళ్ళకు ధారపోస్తున్నాడని మూడు రోజులుగా ఆయనతో మాటలు మానేశారు.

సంతకాల రోజు ట్రస్టు లాయరు వాల్టర్ పొలానికే వచ్చి, పిక్నిక్ బల్ల మీద కాగితాలు పరిచాడు. కొండల్ రావు సంతకం చేశాడు. గౌరి పెన్ను అందుకోలేదు. అన్నపూర్ణమ్మగారు నన్ను దుబాసీగా పెట్టుకుని లాయరునే నిలదీశారు. గోంగూర వేసుకోవచ్చా? వేసుకోవచ్చు. పొలం అమ్ముకోవచ్చా? అమ్ముకోవచ్చు. మరి మీరు పట్టుకుపోయేదేమిటి? ఇక్కడ లేని ఇళ్ళు, అన్నాడాయన.

ఆవిడ ముఖం విప్పారింది. "లేని ఇళ్ళేగా, ఇచ్చెయ్యండి. కానీ దానమన్నాక ధార పొయ్యాలి. పోస్టు పార్సిల్‌కి పెట్టినట్టు ఉత్త సంతకమేమిటి?"

ధారకు దార, అంటే భార్య, ఉండాలి కదా, గౌరి కారులోంచి చెంబు తెచ్చింది. కొండల్ రావు అరచెయ్యి, దాని కింద లాయరు అరచెయ్యి, పైనుంచి నీళ్ళు. మీ గోత్రమేమిటని నేనడిగితే మిషిగన్ యూనివర్సిటీ అన్నాడు లాయరు. అంతా బాగుంది, బల్ల మీది కాగితాలు మాత్రం ఎవరూ తియ్యలేదు. ఫౌంటెన్ పెన్నుతో పెట్టిన కొండల్ రావు సంతకం గోదారి పాయల్లా చీలి పారింది. లాయరు దస్తావేజును దస్తీతో అద్ది చూసి, ఇది చెల్లదు, మళ్ళీ టైపు చేయించి శుక్రవారం తెస్తానన్నాడు.

ఈలోగా ఒక బిల్డరు బోలెడు బిల్డప్పుతో ఫోన్ చేసి రెట్టింపు ధర చెప్పాడు. శుక్రవారం కొండల్ రావు పెన్ను మూత తీస్తాడు, పెడతాడు. మొదటి కాగితం ఎలాగూ చెల్లలేదు, ఇంకో ఏడాది ఆగుదామా అని గొణిగాడు. బ్రేకుల మనిషి బ్రేకు వేశాడు.

అన్నపూర్ణమ్మగారు తాపీగా అన్నారు. "కాగితం చెల్లలేదేమో గానీ దానం చెల్లింది అల్లుడు గారూ. ఆయన చేతిలో నీళ్ళు పోశారు, నేను చూశాను. ఇచ్చేసింది వెనక్కి అడుగుతారా?"

"అడగనండి," అన్నాడు కొండల్ రావు. ధార పోశాక వేరే దారేముంది? సంతకం చేశాడు. తల్లి వైపు చూడకుండానే గౌరి ఆ పక్కనే తనదీ పెట్టేసింది.

ఎండ ఫెళ్ళున కాస్తున్నా లాయరు ఆ రోజు రెయిన్‌కోటు వేసుకొచ్చాడు. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, అన్నపూర్ణమ్మగారి చేతుల మీంచి చూపు తిప్పకుండా, కారుదాకా వెనక్కి వెనక్కి నడిచాడు. ఆవిడ చేతిలో ఉన్నది ఆయనకివ్వడానికి కోసిన గోంగూర కట్ట.