లిఫ్టులు బాగుచేసే పిల్ల

"ఇవాళ ఏ దయ్యం పని పట్టింది మీ మహాతల్లి?" అన్నాడు మా ఆయన, నేను అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాలోకి చేతులు దూరుస్తూ. తువ్వాళ్ళ కింద దాచుకున్న నవల అంచు ఆయన కంట పడింది. అట్ట మీద ఒక పిల్ల ఉంటుంది. చేతిలో ఇంత పొడుగు పానా, చెంప మీద గాటు, వెనక లిఫ్టు గుంతలో రెండు ఎర్రటి కళ్ళు. కాలరు వెనక ముడత ఒకటి మిగిలిపోయింది, అది ఆయన చూసుకోకముందే గుమ్మం దాటితే చాలునని నా ఏడుపు నాది. "నలభై రెండేళ్ళొచ్చాయి నీకు. మా కాలేజీలో పిల్లలు కూడా ఇలాంటివి ముట్టుకోరు. సాహిత్యమన్నాక జీవితంలో ఉన్నది చెప్పాలి" అన్నాడు. సాహిత్యం పాఠాలు చెప్పి జీతం తీసుకునే మనిషి, ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! కుర్చీలోంచి మా అత్తగారు అందుకుంది. "పోనీలేరా, పనంతా అయ్యాకే కదా చదువుతోంది. పని మానేసి చదివిన రోజున అందువుగాని." నన్ను వెనకేసుకొచ్చానని ఆవిడ నమ్మకం. నేను కాఫీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నేను ఒక పెద్ద లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టే పని చేస్తాను. పద్దెనిమిదేళ్ళుగా అదే గది, అదే బల్ల, అదే జిగురు వాసన. ఊడిపోయిన పుస్తకం వస్తే పాత కుట్టు విప్పి, పదహారేసి పేజీల ఫారాలుగా విడదీసి, వరసగా పేర్చి, మళ్ళీ దారంతో కుట్టి, వెన్నుకు గుడ్డ అతికించి, కొత్త అట్ట వేసి పైకి పంపాలి. మహా గ్రంథాలు నా దగ్గరికి రావు. వాటిని ఎవరూ చింపరు, అసలు తెరిస్తే కదా! నా బల్ల మీదికి మాటిమాటికీ వచ్చేది ఈ లిఫ్టులు బాగుచేసే పిల్లే. మొత్తం ఏడు భాగాలు. పాత అపార్టుమెంట్లలో లిఫ్టులు రిపేరు చేయడం ఆ పిల్ల ఉద్యోగం. ఆ గుంతల అడుగున ఏవేవో కాపురం ఉంటాయి, అంతస్తుకీ అంతస్తుకీ మధ్య మనుషుల్ని మింగేస్తుంటాయి. ఈ పిల్ల పానా పట్టుకుని తాడు మీద దిగి వాటి అంతు చూసి వస్తుంది. నోరు విప్పితే బూతులు. మొదట్లో నేనూ మూతి విరిచినదాన్నే. ఫారాలు సరిచూసుకోవడానికి ఒక పేజీ, రెండు పేజీలు చదవబోయి, ఒకరోజు పుస్తకం ఇంటికి పట్టుకెళ్తూ బస్సు దిగాల్సిన చోట దిగడం మర్చిపోయాను.

ఈ పుస్తకాలు ఎవరు చదువుతారో నాకు పేజీలే చెబుతాయి. దయ్యాన్ని చావగొట్టే పేజీలు శుభ్రంగా ఉంటాయి, జనం వాటిని ఒక్క ఊపున చదివి దాటేస్తారు. నలిగి, మెత్తబడి, మూల ఊడి వచ్చే పేజీ ప్రతి భాగంలోనూ ఒకటే ఉంటుంది. ఆ పిల్ల పని ముగించుకుని తన గదికి వచ్చే పేజీ. గడియ పెట్టుకుంటుంది. బూట్లు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరేస్తుంది. గిన్నెలో చల్లారిపోయి ఉన్నదేదో నిలబడే తినేసి, లైటు కూడా ఆపకుండా మంచం మీద పడుతుంది. ఎందుకాలస్యమైందని ఎవరూ అడగరు. మందులెక్కడ పెట్టావని అడగరు. అంతే, ఆ పేజీలో ఇంకేమీ జరగదు. తడి వేళ్ళ ముద్రలు, నూనె మరకలు, పసిపిల్లల పెన్సిలు గీతలు అన్నీ ఆ పేజీ మీదే. గిన్నెలు తోముతూ మధ్యలో చెయ్యి తుడుచుకోకుండా తిప్పితే కాగితం ఎలా ఉబ్బుతుందో నాకు తెలుసు, నేనూ అలాగే తిప్పుతాను. ఇంతమంది ఆడవాళ్ళు నాలాగే ఆ గదిలోకి వెళ్ళి కాసేపు నడుం వాల్చి వస్తున్నారని అర్థమైన రోజు, జిగురు డబ్బా పక్కన కూర్చుని ఏడ్చాను.

ఇంకొకటి కూడా ఉంది. ఆ పుస్తకాల్లో దెబ్బ తగిలితే దెబ్బ తగిలిందనే రాస్తారు. రక్తం కారితే గదిలో ఉన్న అందరికీ కనిపిస్తుంది. వాచ్‌మన్ సైతం "ఏమైందమ్మాయ్, కూర్చో ముందు" అంటాడు. ఆ పిల్ల "ఏం లేదు, జారిపడ్డాను" అనదు. "కరిచాడు వెధవ" అంటుంది. ఎంత తేలిగ్గా అనేస్తుందో! ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ కాసేపు ఆగుతాను.

నా చెయ్యి సంగతి చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం, అందరి భోజనాలూ అయ్యాక, నాలుగో భాగం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. మా ఆయన లోపల్నుంచి కేకేశాడు. ఆయన కళ్ళజోడు ఆయన బల్ల మీదే ఉంది, అది వెతికిపెట్టాలి. నాకు ఇంకా మూడు లైన్లున్నాయి. "ఒక్క నిమిషం" అన్నాను. పదిహేడేళ్ళ కాపురంలో నేనన్న మొదటి ఒక్క నిమిషం అదేననుకుంటా. ఆయన వచ్చి పుస్తకాన్ని అట్ట పట్టుకుని లాగాడు. అట్ట పట్టుకుని లాగితే వెన్ను విరుగుతుంది, లోపలి కుట్టు తెగుతుంది. దాన్ని కుట్టింది నేను. అందుకని వదల్లేదు, ఒట్టు, ఆయన్ని ఎదిరించాలని కాదు. ఆయన నా మణికట్టు పట్టుకుని, నేను వదిలేదాకా మెలితిప్పాడు. టిక్కుమని చిన్న చప్పుడు వినబడింది. గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో మా అమ్మాయి నిలబడి ఉంది. దానికి పదమూడేళ్ళు.

ఐసు ముక్కలు తెచ్చింది మా అత్తగారే. గుడ్డ చుడుతూ, "ఎవరైనా అడిగితే తలుపులో నలిగిందను. ఇంట్లో మాట బయట పెట్టుకుంటే చిన్నతనం మనకే" అంది. మనకే అంది చూడండి. సాయంత్రం మా ఆయన స్వయంగా మందుల షాపుకి వెళ్ళి నొప్పి తగ్గే ఆయింట్‌మెంట్ పట్టుకొచ్చాడు. "నేను లాగింది పుస్తకాన్ని. నువ్వు వదిలేసుంటే సరిపోయేది కదా" అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు, క్లాసులో మొద్దు విద్యార్థికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. నేను సరేనని తలూపాను. ఆ రోజు వంట కూడా నేనే చేశాను, ఎడమ చేత్తో.

లైబ్రరీలో మాత్రం ఎడమ చెయ్యి నన్ను కాపాడలేదు. వారం తిరిగేసరికి బస్సు కండక్టరుగా పనిచేసే ఒకావిడ నా గదిదాకా దిగి వచ్చింది, భుజానికి టికెట్ల సంచీతో సహా. "అక్కా, ఈ పుస్తకం కుట్టింది నువ్వేనా? ఇందులో పిల్ల లిఫ్టు గుంతలో పడి చచ్చేట్టుంది, తర్వాత పేజీలో హాయిగా పళ్ళు తోముకుంటోంది. నేను అదేదో మాయ అనుకుని పదిహేను పేజీలు చదివేశాను తెలుసా! ఆ తర్వాత మళ్ళీ గుంతలో పడింది" అని పకపకా నవ్వింది. పుస్తకం అందుకుని ఫారాల నంబర్లు చూశాను. తొమ్మిదో ఫారం తర్వాత పన్నెండు కుట్టాను. పది, పదకొండు ఆ వెనక చేరాయి. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున నంబరుంటుంది, కళ్ళు మూసుకుని కూడా చేసే పని అది. పద్దెనిమిదేళ్ళలో ఇలాంటి తప్పు చెయ్యలేదు. ఎడమ చేత్తో పేర్చేటప్పుడు నేను నంబర్లు చూడలేదు, చెయ్యి వణక్కుండా ఉంటే చాలనుకున్నాను.

మా సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి ఆ పుస్తకం వెళ్ళింది, వెనకాలే నేనూ వెళ్ళాను. ఆవిడ కుట్టు చూసింది, నన్ను చూసింది. "చెయ్యి చూపించు" అంది. తలుపులో నలిగింది మేడమ్, అన్నాను. "తలుపులో వేళ్ళు నలుగుతాయి. మణికట్టు చుట్టూ గుండ్రంగా నలగదు" అంది, రిజిస్టరు తిరగేస్తున్నంత మామూలుగా. ఇంకేమీ అడగలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టింది. రైల్లో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో కొత్త శాఖ తెరుస్తున్నారు. అక్కడ పుస్తకాలు బాగుచేసే గదికి పెద్దగా ఒకరు కావాలి. లైబ్రరీ పైనే రెండు గదుల క్వార్టరు ఉంది. ఎదురుగా బడి ఉంది. "నీ పేరు నేను ఎప్పుడో రాసి పెట్టాను. శుక్రవారం మధ్యాహ్నంలోపు నువ్వు సంతకం పెట్టాలి. నేను పెట్టలేను" అంది.

ఇంట్లో చెబితే మా ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "వెళ్ళు. నేనేమన్నా ఆపానా? అమ్మ మందులు, పిల్ల చదువు, ఇల్లు, వీటికి ఏం ఏర్పాటు చేస్తావో అది చెప్పి వెళ్ళు" అన్నాడు, పేపరు మడిచి. ఎంత మర్యాదస్తుడో! మా అత్తగారు టీవీ వైపు చూస్తూనే, "నీకేం అమ్మాయ్, సమర్థురాలివి. నాలాంటివాళ్ళే ఎటూ కదల్లేరు" అంది. నేను పిచ్చిదానిలా నిజంగానే ఏర్పాట్లు ఆలోచించడం మొదలుపెట్టాను. వంటమనిషి దొరుకుతుందేమో, మందులు వారానికి సరిపడా పెట్టెల్లో సర్దిపెడితే, ఆయన చొక్కాలు బయట ఇస్త్రీకి ఇస్తే... ఒక్కోటీ చెప్పాను. ఒక్కోదానికీ ఒక్కో లోపం చూపించాడు, చాలా ఓపిగ్గా. బుధవారానికి నాకు ఓపిక అయిపోయింది. కుటుంబ కారణాల వల్ల ఈ బాధ్యత తీసుకోలేకపోతున్నానని నాలుగు లైన్లు రాసి సంచిలో పెట్టుకున్నాను. రాశాక, సిగ్గు లేకుండా చెబుతున్నాను, కాస్త తేలిగ్గా కూడా అనిపించింది.

గురువారం సాయంత్రం మా అమ్మాయీ నేనూ పడగ్గదిలో దుప్పట్లు మడుస్తున్నాం. దుప్పట్లు మడిచే వేళ మాకు ఆ లిఫ్టుల పిల్ల కబుర్లు చెప్పుకునే వేళ కూడా. నేను చదివిందాకా దానికి చెబుతాను, తర్వాత అది చదివి నాకు చెబుతుంది. విప్పి, వరస సరిచేసి మళ్ళీ కుట్టిన పుస్తకాన్ని నేనే అడిగి ఇంటికి తెచ్చాను. "ఇదిగో, ఇప్పుడు సరిగ్గా ఉంది. చదివి చెప్పు, గుంతలోంచి ఎలా బయటపడిందో" అన్నాను.

"వద్దమ్మా."

"ఏమే, అప్పుడే మొహం మొత్తిందా?"

"అవన్నీ అబద్ధాలమ్మా. నాన్న చెప్పిందే నిజం."

"అబద్ధాలే మరి. లిఫ్టు కింద దయ్యాలుంటాయా ఎక్కడైనా?"

"దయ్యాలుంటే ఉండనీ. నేను ఆ పిల్ల గురించి అంటున్నా. అలాంటి ఆడవాళ్ళు ఎవరూ ఉండరు." అది దుప్పటి కొసలు రెండూ కలిపి నా చేతికిచ్చింది. "నీ చెయ్యి తలుపులో నలిగిందని మా టీచరుకి కూడా చెప్పావు. నేను చూశానుగా. నాన్న తిప్పుతుంటే నువ్వు నన్ను చూసి నవ్వావు."

నవ్వానా? నేను గుర్తు తెచ్చుకున్నాను. నవ్వాను. పిల్ల భయపడకూడదని నవ్వాను. చెయ్యి విరుగుతుంటే, ఏం లేదు తల్లీ, ఇది మామూలే, నీకూ అలవాటవుతుంది అన్నట్టు పళ్ళన్నీ కనపడేలా నవ్వి ఉంటాను. పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లో నేను చాలా పనులు చేశాను. దీనికంటే పాడు పని ఏదీ చెయ్యలేదు. దుప్పటి నా చేతుల్లోంచి జారిపోయింది. అది వంగి తీసి, మళ్ళీ మడిచి, అలమరలో పెట్టింది. నేను ఎలా మడుస్తానో అచ్చం అలాగే, అంచులు లోపలికి వచ్చేలా.

సంచిలోంచి మేడమ్ ఇచ్చిన కాగితం తీసి, అలమర తలుపు మీదే ఆన్చి సంతకం పెట్టాను. మణికట్టు సలుపుతోంది, సంతకం వంకరగా వచ్చింది, అయినా నాదే. నేను రాసిన నాలుగు లైన్ల కాగితాన్ని చింపి చెత్తబుట్టలో పడేశాను. "నువ్వూ నాతో వస్తున్నావు" అన్నాను మా అమ్మాయితో. అది నమ్మలేదు. నమ్మమని నేనూ అడగలేదు.

హాల్లోకి నడిచాను. ఆ పుస్తకాల్లో పిల్ల చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది. నా చేతిలో ఆ కాగితమే ఉంది. సంతకం పెట్టాననీ, ఆదివారం రైలుకి నేనూ పిల్లా వెళ్తున్నామనీ చెప్పాను. ఇక్కడి ఏర్పాట్లు మీరే చూసుకోండి అన్నాను. మా ఆయన పేపరు దించాడు. "బాగుంది. ఈ డైలాగు ఏ భాగంలోది?" అన్నాడు. మా అత్తగారు టీవీ చప్పుడు పెంచింది. నేను వెళ్ళి టీవీ ఆపేశాను. మా అమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడిందని వెనక్కి తిరగకుండానే తెలిసింది.

ఆయన నన్ను దాటి దాని వైపు చూశాడు. గొంతు తియ్యగా చేసుకుని, "ఏరా కన్నా, నువ్వు చెప్పు. ఈ ఇంట్లో మీ అమ్మకి ఎవరేం లోటు చేశారు? ఆ చెయ్యి ఎలా నలిగింది?" అని అడిగాడు.

"దాన్నడక్కండి. నన్నడగండి" అన్నాను.

ఆయన అడగలేదు. అడక్కపోయినా చెప్పాను.