అడ్డకర్ర

చెల్లెలి చెయ్యి ప్రెస్సు కింద నలిగినప్పుడు అక్క పక్క మిషను మీదే ఉంది. పరుగెత్తి వెళ్లేసరికే వేళ్లు రేకు తుక్కులో కలిసిపోయాయి. సూపర్‌వైజరు మిషను మీది రక్తం తుడిపించి, ఇంకో పిల్లను ఆ స్టూలు మీదే కూర్చోబెట్టాడు.

అంతకుముందు ఏళ్ల తరబడి ఆ షెడ్డులో ఎవరి వేళ్లూ పోలేదు. చెయ్యి లోపలుంటే ప్రెస్సు దిగకుండా ఆపే అడ్డకర్రను ఆడవాళ్లే ప్రతి మిషనుకూ కట్టుకున్నారు. మొదట ఎవరు కట్టారో ఎవరికీ గుర్తులేదు. యజమాని దాన్ని తానే కనిపెట్టానని పేటెంటు పుచ్చుకున్నాడు. ఇనుముతో చేయించి ఊరూరా అమ్ముకున్నాడు. తన షెడ్డులో మాత్రం పని నెమ్మదిస్తోందని పీకించేశాడు. మళ్లీ కడితే తన సొత్తు కాజేసినట్టేనని, కోర్టుకీడుస్తానని బెదిరించాడు.

ఆ సాయంత్రం ఆస్పత్రి వెనక షెడ్డు పనివాళ్లందరూ పోగయ్యారు. యూనియన్ లాయరమ్మ విడమరిచి చెప్పింది: పేటెంటు ఇవ్వాలంటే వస్తువు కొత్తదై ఉండాలి, పనికొచ్చేదై ఉండాలి, ఆ పనివాళ్లకు ఇట్టే తట్టేది కాకూడదు. ముందునుంచే నలుగురిలో వాడుకలో ఉంటే అది కొత్తది కాదు, రద్దు చేయమని అడగొచ్చు.

వెల్డరు మరో దారి చెప్పాడు. "అక్కే కనిపెట్టిందని రాద్దాం. పేటెంటు మన చేతికొస్తే వాడే కాళ్లబేరానికి దిగుతాడు."

అక్క తల అడ్డంగా ఊపింది. "నా ఒక్కదాని పేరు రాస్తే నన్నొక్కదాన్ని కొంటే సరి వాడికి. పక్క షెడ్డుల్లోనూ కట్టారుగా. అందరిదీ అని చెబుదాం. అందర్నీ కొనేంత సంచి వాడి దగ్గర లేదు."

పేటెంటు రద్దు చేయమని అర్జీ పెట్టి షెడ్డుల ఆడవాళ్లంతా విచారణకు వెళ్లారు. చదువురానివాళ్ల మాట సాక్ష్యమేమిటని యజమాని వకీలు నవ్వాడు. పేటెంటు అధికారి వాయిదా వేశాడు. అందాకా పేటెంటు చెల్లుతుందన్నాడు.

వాయిదా రాకముందే, చెల్లెలి స్టూలు మీద కూర్చోబెట్టిన పిల్ల చెయ్యి మణికట్టు దాకా పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లు ప్రతి మిషనుకూ అడ్డకర్ర కట్టి పనిలోకి దిగారు. యజమాని కోర్టు ఉత్తర్వుతో పోలీసుల్ని తెచ్చాడు. వాళ్లు కర్రలు విరగ్గొట్టారు. అడ్డం నిలబడ్డ అక్క ముంజేతిని లాఠీతో విరిచి వ్యానులోకి తోశారు.

వ్యానులోంచి ఆమె విన్నది. సూపర్‌వైజరు పనిలోకి రమ్మని పేరుపేరునా పిలుస్తున్నాడు. ఏ మిషనూ కదల్లేదు. వ్యాను గేటు దాటుతుండగా పక్క షెడ్డులో ప్రెస్సుల మోత ఆగిపోయింది. వీధి మలుపు తిరిగేసరికి ఆ పై షెడ్డులోనూ ఆగింది.