తల వంచే దర్వాజ

ఖానాపూర్ దగ్గరి ఆ ఊళ్లో మహేశ్వరి ఇంటికంటే పాతది లేదు. మట్టిగోడలు, టేకు స్తంభాలు, గూనపెంకుల కప్పు. దర్వాజ మాత్రం మరీ పొట్టిది. ఎంతటి దొర వచ్చినా తల వంచే లోపలికి రావాలని ముత్తాత అలా పెట్టించాడట. దొరలు వంగారో లేదో తెలియదు గానీ, ఆమె తమ్ముడు విజయేందర్ మీసాలు మొలిచిన నాటి నుంచీ వంగడం మరిచి నుదురు బొప్పి కట్టించుకుంటూనే ఉన్నాడు.

భర్త పోయాక మహేశ్వరి పుట్టింటికే వచ్చింది. శుక్రవారం గడపకు పసుపు రాయడం, వానొస్తే కారే చోటల్లా గిన్నె పెట్టడం ఆమె పనులు. స్తంభాలు అమ్ముతారా అంటూ వచ్చిన బేరగాళ్లను వాకిట్లోంచే తరిమేది. పట్నం నుంచి పాత ఇళ్లు చూసేవాళ్లు వచ్చి, ఈ తట్టు ఇలాంటిది మరొకటి మిగల్లేదు, కాపాడుకోండని చెప్పిపోయారు. ఆ రోజు ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

నిరుడు వానలకు వెనక గోడ ఒరిగింది. విజయేందర్ కరీంనగర్ నుంచి వచ్చి చూశాడు. దూలాలకు చెదలు పట్టాయి, మొత్తం విప్పి కట్టెకు మందు పట్టించి మళ్లీ కట్టాల్సిందే అన్నాడు. ఆమె జంకింది. అప్పుడతను నలుగురి ముందు అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"ఫికర్ జెయ్యకక్కా. ఒక్క కట్టె గూడ పోదు. ఎట్లున్నదో అట్లనే నిలవెడ్త."

"ఇప్పుమను తమ్మీ," అంది మహేశ్వరి.

విప్పేవాళ్లకు చాయ్ పోసింది ఆమే. ఏ దూలం ఏ స్తంభం మీదిదో చూపించి, ఒక్కోదాని మీద రంగుతో నంబర్ వేయించింది కూడా ఆమే. మందు పట్టించడానికి కట్టెనంతా ఎక్కించుకుని లారీలు కదిలిపోతుంటే దండం పెట్టింది. తర్వాత పెరట్లోని వంటకొట్టంలో కాపురం పెట్టి, ఖాళీ జాగాకేసి చూస్తూ కూర్చుంది. ఫోన్ చేస్తే మందు ఆరాలక్కా అనేవాడు. ఎండాకాలం వచ్చిపోయినా ఆ మందు ఆరలేదు.

ఒకరోజు పక్కింటి రామవ్వ, మనవరాలి పెళ్లి ఫోటోలని ఫోన్ తెచ్చి చూపించింది. పిల్ల ముద్దుగానే ఉంది. కానీ ఆ పిల్ల ఆనుకుని నిలబడింది మహేశ్వరి ఇంటి స్తంభానికి. అది కరీంనగర్ అవతల కొత్తగా పెట్టిన రిసార్టట.

తెల్లారి బస్సెక్కి పోయింది. గేటు మీద తమ ఇంటిపేరే పెద్దక్షరాలతో రాసి ఉంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. విజయేందర్ బయటికొచ్చాడు. అందులో అతనికీ వాటా ఉందని తెలిసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక మహేశ్వరి ఎంత?

తమ్ముడికి సిగ్గేమీ లేదు. "నేనేమన్న అబద్ధమాడిన్నా అక్కా? ఒక్క కట్టె పోలే. ఎట్లున్నదో అట్లనే నిలవెట్టిన. ఊళ్లెనే నిలవెడ్తనని ఎన్నడన్న అన్ననా?"

అనలేదు. నిజంగానే అనలేదు. మన ఇల్లు ఎక్కడ నిలబెడతావని సొంత తమ్ముణ్ని ఎవరడుగుతారు? ఆమె గుండె మండింది. అతను అబద్ధమాడి ఉంటే ఇంత మండేది కాదు.

లోపలికొచ్చి చూడమంటూ అతను ముందు నడిచాడు. దర్వాజ దాటి నిటారుగా వెళ్లిపోయాడు. వెనకే మహేశ్వరి అలవాటు కొద్దీ తల వంచింది. వంచాక చూసింది, పైన బోలెడంత జాగా ఉంది. వచ్చేవాళ్ల తలలు తాకుతున్నాయని దర్వాజ నిలువు కట్టెలకు కొత్త ముక్కలు అతికించి ఎత్తు పెంచారు. ఆమె అక్కడే ఆగిపోయింది.

"నువ్వు వంగలేదు తమ్మీ," అంది.

విజయేందర్ చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. ఏదో చెప్పబోయాడు. ఆమె వినకుండా వెనుదిరిగింది.

పొద్దుగూకే వేళకు ఊరు చేరింది. రామవ్వ వాకిట్లో నిలబడి, చూసొచ్చినవా అని అడిగింది. మహేశ్వరి నేరుగా ఖాళీ జాగా ముందుకొచ్చి, దర్వాజ ఉండిన చోట ఆగి, తల వంచి లోపలికి పోయింది.