కజిన్ ఏ వరస?

“వాళ్లదీ మనదీ ఒకటే ఇంటిపేరైతే ఎలాగే?” అన్నాను.

మృదుల కాఫీ షాపులో షిఫ్టు ముగించుకొని అప్పుడే వచ్చింది. బూట్లకంటిన మంచు కూడా దులపలేదు. “అమ్మా, తనీష్ వాళ్లది సౌతాఫ్రికా. మనది విజయనగరం. భయపడ్డానికి నీకు ఇంకేం దొరకలేదా?” అంది.

దొరకకేం. ఒక్క కిటికీ ఉన్న బేస్‌మెంటులో మృదులతో కలిపి నలుగురు ఆడపిల్లలు. హీటర్ ఆగిపోతే ఏం గతి అని, దాన్ని చూడ్డానికి కెనడా వచ్చి విన్నిపెగ్‌లో దిగిన రోజు నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. ఇప్పుడిది. కాలేజీలో తనతో చదివే అబ్బాయిని చేసుకుంటానంది. తెలుగువాళ్లే, కానీ ఎప్పుడో చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్లినవాళ్ల సంతతి. వెళ్లిన మనిషి పేరే ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. అసలుది ఎవరికీ తెలియదు.

నా పోరు పడలేక తనీష్ ఓడల రికార్డులు వెతికి, ఆదివారం లాప్‌టాప్ తెచ్చి సంబరంగా చూపించాడు. వాళ్ల తాతగారి తాత పేరు అప్పన్న. ఊరి పేరు రెండుసార్లు చదివాను. మా అత్తవారి ఊరే. దగ్గరి బంధువు అన్నచోట, సింహాద్రి, కజిన్ అని ఉంది.

సింహాద్రి మా ఆయన ముత్తాత. ఫోన్ చేస్తే, ఓడెక్కిన మనిషి ఒకడున్నాడని విన్నాను గానీ ఏ వరసో తెలీదని మా ఆయన నీరసంగా చెప్పి పెట్టేశారు.

“కజిన్ ఈజ్ కజిన్, ఆంటీ,” అన్నాడు తనీష్.

మృదుల నవ్వలేదు. రాసుకున్న దొరకి మేనత్త కొడుకూ, పెదనాన్న కొడుకూ ఒక్కటే. మేనత్త కొడుకైతే బావ, ఇంటిపేరు వేరు, పెళ్లికి అడ్డు లేదు. పెదనాన్న కొడుకైతే ఒకే ఇంటివాళ్లు. వీళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లు.

“అలా అయితే?” అంది మృదుల.

“చెయ్యలేనమ్మా.”

అది లోపలికెళ్లి తలుపు వేసుకుంది. కోప్పడినా బాగుండేది. అలిసిపోయింది.

అప్పన్నను కళ్లతో చూసినవాళ్లలో మిగిలింది డర్బన్‌లో ఉన్న తనీష్ తాతగారి చెల్లెలు, కాంతం గారు ఒక్కరే. మర్నాడు పొద్దున తనీష్ వీడియో కాల్ కలిపాడు. ఆవిడ మా ఊరి పాత తెలుగులోనే, ఏం వండావని అడిగింది. మృదుల నా పక్కనే నిలబడింది.

“అమ్మా, సింహాద్రి మాటొస్తే మీ తాతగారు ఆయన్ని ఏమని పిలిచేవారు?” అని అడిగాను.

ఆవిడ కదల్లేదు. వినపడలేదేమో, గుర్తు లేదేమో, లైను పోయిందేమో. మృదుల వేళ్లు నా భుజాన్ని గట్టిగా పట్టుకున్నాయి. తనీష్ సిగ్నల్ చూశాడు. బాగానే ఉంది. ఇంక ఫోన్ పెట్టెయ్యమందామనుకున్నాను.

“దొంగబావ అనీవోడమ్మా,” అంది కాంతం గారు. “నా చెల్లిని ఎగరేసుకుపోనాడు, దొంగబావ, అని నవ్వీవోడు.”