బురుజు మీది గంట

నేను ఒక కంచు గంటను. గోదావరి ఒడ్డున గంగారేవు అనే చిన్న పట్నం నాది. పుట్టింది మాత్రం సముద్రం దగ్గర, ఓడల సామాను పోతపోసే కొలిమిలో. ఆవిరి లాంచీకి కట్టడానికి చేశారు నన్ను. అప్పట్లో ఊరంతా రేవు చుట్టూనే ఉండేది. ఎగువ అడవుల నుంచి తెప్పలుగా వచ్చిన టేకు దుంగలు దిగే కలప అడితి, దాని వెనక బట్టల బజారు, బజారు మధ్యన గడియారస్తంభం. నేను మోగితే లాంచీ కదిలేది. ఆలస్యంగా వచ్చినవాళ్లు నన్నే తిట్టేవారు, తమ నిద్రను కాదు.

రైలు వంతెన కట్టాక లాంచీ మూలపడింది. నన్ను మిట్ట మీదున్న పాత కోట బురుజుకెక్కించారు. ఆ కోట ఏ రాజు కట్టాడో ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు. వరదొస్తే ఊరిని హెచ్చరించడం నా కొత్త పని. లాంచీ నడిపిన సరంగు ఓలేటి ధర్మారావుకే ఆ కాపలా ఇచ్చారు. భార్య రాఘవమ్మతో బురుజు కిందే కాపురం.

నీళ్ల మీద తిరిగినన్నాళ్లూ నాకు భయం తెలీదు. పైకెక్కాకే పట్టుకుంది. గట్టు ఎంత సన్నగా ఉందో, దాని వెనక ఇళ్లు ఎంత పల్లంలో ఉన్నాయో అక్కణ్నుంచే తెలిసింది.

ఒక ఏడు ఎర్రనీరు గట్టు అంచుదాకా వచ్చింది. ధర్మారావు నన్ను మోగించాడు. జనం మూటలు నెత్తిన పెట్టుకుని రైలుకట్ట మీదికి పరిగెత్తారు. మర్నాటికి గట్టు తెగకుండానే వరద తీసేసింది. అప్పట్నుంచి అతను ‘గంటల ధర్మారావు’ అయ్యాడు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది ప్రాణస్నేహితుడు, బజార్లో దర్జీ కాశీం.

“ఏరా సరంగూ, మబ్బేసింది. మోగించవా?” అనేవాడు, వీధంతా వినేలా.

మరుసటేడు మళ్లీ వరద. మిట్టమధ్యాహ్నం, అడితి దగ్గర గట్టు కింద నీరు ఊరడం నాకూ కనిపించింది, అతనికీ కనిపించింది. తాడు పట్టుకున్నాడు. వదిలేశాడు. మళ్లీ పట్టుకున్నాడు.

“మళ్లీ తీసేస్తే?” అన్నాడు.

“నవ్వుతారు” అంది రాఘవమ్మ. “నవ్వడానికైనా మనుషులు మిగలాలి కదయ్యా! లాగు.”

లాగాడు. గొంతు పగిలేలా అరిచాను. కొందరు పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తారు. కొందరు డాబాలెక్కి బురుజుకేసి చేతులూపి నవ్వారు. వాళ్లు నవ్వుతుండగానే గట్టు తెగింది. దుంగలు నీళ్లతో పాటు బజార్లోకి దూకాయి. ఆ పల్లంలో గడియారస్తంభం ఒక్కటే మిగిలింది.

రైలుకట్ట మీద చాలామంది బతికారు. వాళ్లలో కాశీం లేడు.

తర్వాత జనం వచ్చి ధర్మారావుకు శాలువా కప్పారు. అతను తల వంచుకునే ఉన్నాడు. ఎవరూ లేనప్పుడు నా మీద చెయ్యి వేసి, “వాడికి వినపడలేదా? వినీ నవ్వుకుంటూ కూర్చున్నాడా?” అనేవాడు. నన్నూ ఆ ప్రశ్నే తినేసేది. కాశీం భార్యాబిడ్డల్ని ఎక్కడో దూరాన ఉన్న పిల్లల మేనమామ తీసుకుపోయాడు. వెళ్లి వాళ్లని అడిగే ధైర్యం ధర్మారావుకు లేకపోయింది.

కొన్నాళ్లకు ఊరికి సైరన్ వచ్చింది. రాఘవమ్మ కాలం చేసింది. బురుజును మ్యూజియం చేసి, నన్ను కిందికి దించి కిటికీ పక్కన పెట్టారు. ముసలివాడైన ధర్మారావు నది ఎరుపెక్కినప్పుడల్లా వచ్చి నా పక్క బల్ల మీద కూర్చునేవాడు.

మొన్న ఆషాఢంలో తలమీద చెంగు కప్పుకున్న ఒకావిడ ఆయన ముందు ఆగింది.

“మీరు సరంగు బాబాయ్ కదూ? నేను కాశీం గారమ్మాయి రజియాని.”

ఆయన లేవబోయి లేవలేకపోయాడు. ఆవిడ ఏం చెబుతుందోనని నాకు భయమేసింది.

“గంట... మీ నాన్నకి వినపడలేదా తల్లీ?”

“ఎందుకు వినపడలేదు? మొదటి దెబ్బకే మిషను దగ్గర్నుంచి లేచాడు. ‘సరంగు ఊరికే మోగించడు, నడవండి’ అని మమ్మల్ని కట్ట మీదికి ఎక్కించాడు. మంచం పట్టిన పక్కింటి తాతని తెస్తానని తనే వెనక్కెళ్లాడు.”

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

“ఊరికే మోగించడు అన్నాడా? వాడే?”

“నాన్నే, బాబాయ్.”

ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రజియా పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరింది. కిటికీ అవతల గోదావరి ఇంకా పెరుగుతూనే ఉంది.