గీత దాటిన నూనె

మా ఆయన చెంచురామయ్యకు దేనికైనా నూనె తక్కువైతే ప్రాణం ఒప్పదు. ఆవకాయ జాడీ అయినా, తలుపు మడతబందు అయినా ఒకటే లెక్క. కొత్తగా కొన్న గడ్డి కోసే మిషనుకు కూడా అంతే ప్రేమగా, మూత అంచుదాకా ఇంజన్ ఆయిల్ పోశారు. ఆ మిషను కొనాలని పట్టుబట్టింది నేను. సత్తుపల్లి దాటాక అడవి అంచున ఉన్న మా పామాయిల్ తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. కొడవలి పట్టే కూలీలు దొరకడం లేదు.

మిషను కాసేపు తిరిగి, తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది. స్టార్టు చేసే తాడు లాగితే కదలదు.

"చూశావా బుల్లెమ్మా, కొడవలి ఎప్పుడైనా పొగ పెట్టిందా? రేపు షాపువాడికి తిరిగిచ్చేస్తా" అన్నారు.

సరిగ్గా అప్పుడే గెలలు కోసే ముఠా మేస్త్రి బిక్షపతి బండి మీద వచ్చాడు. తోటలోకి దిగకుండా గట్టు మీదే నిలబడ్డాడు.

"గడ్డి గిట్లుంటే మావోళ్లు లోపలికి రారమ్మా. మొన్ననే రక్తపింజర కనబడ్డది. రేపు పొద్దుగాల వస్తం. గప్పటికి కొట్టకపోతే వేరే తోటకు పోతం."

వాళ్లు పోతే మళ్లీ ఎప్పుడొస్తారో. పండిన గెలలు చెట్టు మీదే కుళ్లిపోతాయి. పైగా మిషను మాట ఎత్తినందుకు జన్మంతా దెప్పుళ్లు పడాలి. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

గాలి ఫిల్టరు మూత విప్పాను. లోపలి స్పాంజి, మంట చాలని మూకుట్లో వేసిన గారెలా నూనె పీల్చుకుని ఉంది. నాకు నా కుట్టుమిషను గుర్తొచ్చింది. దానికి చుక్క ఎక్కువైతే రవికలన్నీ మరకలే.

"ఏమండీ, ఆయిల్ ఎంతదాకా పోయాలో ఆ కొలత పుల్ల మీద గీత ఉంది, చూశారా?"

"గీతదేముందే. నిండుగా ఉంటే ఇంజనుకు చలువ."

"ఆ చలువకే ఇది మునిగింది. కాస్త దూరం జరగండి."

జరగలేదు. నేను ఇంజన్ స్పార్కు ప్లగ్గు విప్పి తాడు మెల్లగా లాగాను. లోపల చేరిన నూనె ఒక్కసారిగా చిమ్మి, వంగి చూస్తున్న ఆయన తెల్ల పంచె మీద పడింది. తాడు మాత్రం కదిలింది. పంచె సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎక్కువైన ఆయిల్ గీతదాకా వంపేశాను. స్పాంజిని సబ్బునీళ్లలో పిండి ఎండబెట్టి, ప్లగ్గు తుడిచి బిగించాను. మళ్లీ తాడు లాగితే మిషను దగ్గింది, పొగ వదిలింది, ఆ పొగ పలచబడి మోత నిలకడైంది. భుజాన తగిలించుకుని వరస వెంట వరస కోసుకుంటూ పోయాను. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా లేదు.

పొద్దున్నే ముఠాతో వచ్చిన బిక్షపతి నేలను చూసి, "ఎవల్ని పెట్టి కొట్టిచ్చిన్రు?" అని అడిగాడు.

"మా ఆవిడే" అన్నారు ఆయన, నాకంటే ముందు. మిషను మునగడానికి కారణం ఎవరో మాత్రం చెప్పలేదు.

గెలలన్నీ ట్రాక్టరు ఎక్కాక ఆయన ఆయిల్ సీసా పట్టుకొచ్చారు. పోయలేదు. పుల్ల తుడిచి, ముంచి తీసి, నా ముందు పెట్టారు.

"గీత దగ్గరికి ఉందేమో చూడు. నువ్వు చెబితేనే పోస్తా."

చూశాను. సరిగ్గానే ఉంది. అయినా కాస్త ఎక్కువసేపే చూశాను.